నాటకం చేప

పోయిన నెల పోర్ట్‌బ్లెయిర్‌లో ఢిల్లీ వాళ్లు మళ్లీ వేసిన నాటకం చూడ్డానికి వెళ్లి సగంలో లేచి వచ్చేశాను. మా ఆవిడ చొక్కా పట్టుకుని లాగుతూనే ఉంది. "కూర్చోండి, అందరూ మన వైపే చూస్తున్నారు" అంది. చూడనీ అన్నాను. నాటకం బాగాలేక లేవలేదు నేను. రెండో అంకానికి ముందు హాల్లో లైట్లు వేసి, ఒక కుర్రవాడు మైకు పట్టుకుని ఈ ప్రదర్శనకు డబ్బిచ్చిన వాళ్ల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక బ్యాంకు, ఒక సిమెంటు కంపెనీ, ఒక శాఖ, మరో శాఖ. ఆ వరసలోనే మా అప్ప పేరు చదివాడు. ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్లిన ఆమె ఈ నాటకానికి ప్రేరణ అట. ఆమె ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనం అట. ఆ నిమిషం కూడా పూర్తిగా పాటించలేదు, వెనక ఎవరిదో ఫోను మోగింది, లైట్లు ఆరిపోయాయి, నాటకం మొదలైపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్నన్నాళ్లూ ఆమె చచ్చినా ఒప్పుకోని పని ఏదైనా ఉందంటే అది ఇదే. చచ్చాక సరిగ్గా అదే చేశారు. పైగా మర్యాద చేశామనుకున్నారు. అందుకని ఈ రాతలో ఆమె పేరు ఎక్కడా ఉండదు. తెలిసినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. తెలియనివాళ్లు అప్ప అనుకుంటే చాలు. ఉత్తరాంధ్ర వైపు అక్కను అప్ప అంటాం. జెట్టీ మీద తెలుగువాళ్లందరికీ ఆమె అప్ప, మిగతావాళ్లందరికీ దీదీ.

జంగ్లీఘాట్ జెట్టీ మీద పొద్దున్నపూట ఆమెను వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. మోకాళ్ల దాకా ఎగదోపిన నేతచీర, నడుం మీద ఎడంచెయ్యి, నోట్లో అడ్డపొగ. చుట్టకు నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం మా వైపు ముసలమ్మలకు అలవాటు. అప్ప ముసలిది కాకముందే ఆ అలవాటు చేసుకుంది. ఎవరితోనైనా తగువు పెట్టుకోదలిస్తే ముందు చుట్ట బయటికి తీసేది. తీసి నిప్పు కొసను ఒకసారి చూసుకునేది. అది చూడగానే ఎదుటివాడు సగం దిగిపోయేవాడు. చుట్ట బయటికి రాలేదంటే ఆ రోజు జెట్టీకి సెలవేమోనని నవ్వుకునేవాళ్లం.

ఆమె కాళ్ల దగ్గర రెండు తట్టలుండేవి. ఒకటి ఆమె వ్యాపారానిది. రెండోది అంచుకు ఎర్రగుడ్డ చుట్టిన వెదురుతట్ట, అది నాటకానిది. వేట నుంచి వచ్చిన ప్రతి బోటూ సరుకు దింపుకున్నాక ఆ ఎర్రగుడ్డ తట్టలో ఒక్క చేప వేసి వెళ్లాలి. పెద్ద ఇంజను బోటైనా ఒకటే, ఇద్దరు మనుషుల డోంగీ అయినా ఒకటే. అమ్మవారి పండక్కి వాటా తీయడం మా సముద్రం మీద బతికేవాళ్లకు పాత అలవాటు. నాటకానికి కూడా వాటా తీయించింది మాత్రం అప్పే. ఎవడైనా మెత్తబడిపోయిన చేపను ఏరి వేస్తే వంగి తీసి మళ్లీ వాడి బోటులోకే విసిరేది.

"మా రాజుకి ఇది పెడతావేట్రా? తీసుకెల్లి నీ మావకి పెట్టు!"

ఆ చేపలు అమ్మిన డబ్బే మా తెలుగు నాటక సమాజానికి చందా, గ్రాంటు, విరాళం, అన్నీ. ఆ డబ్బుతో వైజాగ్ ఓడలో హార్మోనిస్టు వచ్చేవాడు. ఆయనతోపాటు అద్దె కిరీటాలు, భుజకీర్తులు ఉన్న ట్రంకుపెట్టె వచ్చేది. హాడోలో పోర్టు క్వార్టర్ల వెనక మైదానంలో స్టేజీ లేచేది, జనరేటరుకు డీజిలు పడేది. టికెట్టు లేదు. ఏడాదికి ఒక్క నాటకం, పాత రాజుల కథ, నిండా పద్యాలు. మా దీవుల్లో ఐదు దాటగానే చీకటి పడుతుంది కాబట్టి దీపాలవేళకు మొదలుపెట్టి అన్నాలవేళకు ముగించేవాళ్లం. వేకువనే వేటకు వెళ్లేవాళ్లను తెల్లవార్లూ కూర్చోబెట్టే పద్ధతి ఇక్కడ సాగదు.

ఆ నాటకంలో నేను రాణిని. డైరీ ఫార్మ్ అనే పేటలో కరెంటు సామాన్ల కొట్టు నాది. మీసాలు రాకముందు గొంతు సన్నగా ఉందని రాణి వేషం ఇచ్చారు. మీసాలు వచ్చాక అవి గీయించుకుని మరీ అదే వేషం వేశాను, ఇంకొకడు దొరకలేదు కనుక. అప్పకు స్టేజీ పైన, కింద అన్న తేడా లేదు. నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా, కొట్టు నిండా బేరాలుంటే, "ఓలే రాణీ, రెండు బల్బులియ్యవే, బేగి!" అని గుమ్మంలోంచి కేక వేసేది. బెంగాలీ ఖాతాదారులు నన్ను ఎగాదిగా చూసేవాళ్లు.

ఆమె చేసిందల్లా ఒప్పేనని నేను అనను. ఒక ఏడాది కానాగంత చేపలు విరగబడ్డాయి. ప్రతి బోటూ కానాగంతే వేసింది, కొనేవాడు లేడు. అప్ప వాటికి ఉప్పు పట్టించి ఎండబెట్టింది. ఎక్కడ? స్టేజీకని తెచ్చి ఉంచిన పలకల మీద! ఆ పలకలతోనే స్టేజీ కట్టారు. ఆ ఏడు మా రాజ్యమంతా ఎండుచేపల కంపు. హార్మోనిస్టు శాకాహారి, నియమాలున్న మనిషి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని వాయించాడు. నేను విరహంతో పద్యం ఎత్తుకుంటే ఒక పిల్లి వచ్చి నా కుచ్చిళ్లు వాసన చూస్తూ అక్కడే కూర్చుంది. జనం నవ్వలేక చచ్చారు. నాటకం అయ్యాక అందరం కలిసి అప్పను తిట్టాం. చుట్ట బయటికి తీసింది.

"సేపే కదా కంపు కొట్టింది. డబ్బు కంపు కొట్టనేదు కదా. ఊరుకోండి."

అదీ ఆమె క్షమాపణ. అంతకంటే పెద్దది ఆమె నోటి నుంచి ఎవరూ వినలేదు.

డబ్బు కంపు అంటే ఏమిటో తెలియాలంటే ఆమె వంద సార్లు చెప్పిన కథ ఒకటి ఉంది. చిన్నప్పుడు శ్రీకాకుళం ఒడ్డున వాళ్ల ఊళ్లో నాటకం వేశారట. ఖర్చు పెట్టుకున్నది సారా కంట్రాక్టరు. నాటకం మధ్యలో డబ్బిచ్చిన వాళ్ల పేర్లు మైకులో చదవడం, వేషగాళ్లు ఆట ఆపి వాళ్లకు దండం పెట్టడం ఆ రోజుల్లో మామూలే. చదివింపులు అంటారు. రాజుగారు రొమ్మున బాణం దిగి నేలకొరిగి ఆఖరి పద్యం పాడుతున్నారు. సరిగ్గా అప్పుడు కంట్రాక్టరు గారు మరో నోటు చదివించారు.

"సచ్చిపోతన్న రాజు లేచినాడ్రా!" అనేది అప్ప. ఇక్కడ తాను కూడా జెట్టీ మీద తాళ్ల చుట్ట పైనుంచి లేచి చూపించేది. "బాణం రొమ్ములోనే ఉంది. లేచినాడు, ఆ సారా ఓడికి దండం ఎట్టినాడు, మల్లీ పడుకొని సచ్చినాడు. మా అమ్మ అప్పటిదాకా ఏడస్తంది. నవ్వడం మొదలెట్టినాది. నాకు ఎంత కోపం వచ్చిందో తెలుసా? ఆ రాజుకి సావడానికి కూడా నేదేట్రా తీరుబడి?"

ఏడాదికేడాది ఆమె చెప్పే కథలో ఆ దండం ఇంకాస్త వంగిన దండం అయ్యేది.

అందుకే మా నాటకంలో ఎవరి పేరూ చదవకూడదు. మొదట్లోనూ వద్దు, మధ్యలోనూ వద్దు, చివరా వద్దు. అందరూ ఒక్కొక్క చేప వేశారు కాబట్టి కుర్చీలు కూడా లేవు. ఆఫీసరు వచ్చినా చాప మీదే. మా సమాజం ప్రెసిడెంటు ప్రోతరాపూర్‌లో ఉండే రోడ్ల కంట్రాక్టరు. మంచి మనిషే, రిహార్సళ్లన్నీ ఆయన ఇంటి వరండాలోనే. కాకపోతే తన పేరు మైకులో వినాలని ఆయనకు మహా కోరిక. ఒకసారి నా ఎదుటే బేరం పెట్టాడు.

"అప్పా, మొత్తం ఖర్చు నేను పెట్టుకుంటాను. ఈ చేపలూ ఈ వాసనా ఎందుకు మనకి? నాటకం మధ్యలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా పేరు చెప్పించు."

"ఏ సీన్లో సెప్పమంతావు బాబూ?" అంది అప్ప చాలా మెత్తగా.

ఆయన నిజమే అనుకుని ఆలోచించాడు. "పట్టాభిషేకం దగ్గరైతే బాగుంటుంది."

"పట్టాభిషేకం రాజుకా, నీకా?"

ఆ ఏడు కూడా ఆయన తెల్లప్యాంటు వేసుకుని వచ్చి చాప మీదే కూర్చున్నాడు. అలక పూనాడు గానీ ప్రెసిడెంటు పదవి వదల్లేదు.

రాజు వేషం అప్ప తమ్ముడిది. వాడు ఇక్కడే పుట్టి హిందీ స్కూల్లో చదివినవాడు, తెలుగు చదవడం రాదు. పద్యాలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుని కంఠతా పట్టేవాడు. బోటులో నిలబడి పద్యం ఎత్తితే జెట్టీ మీద మాకు మాట మాటా వినబడేది. చావడం వాడికి చాలా ఇష్టం. వేటలో వల వేసి ఖాళీగా ఉన్నప్పుడల్లా బోటు అడుగున వెల్లకిలా పడి చావడం సాధన చేసేవాడు, మిగతావాళ్లు తిట్టుకుంటూ వాడి మీదుగా దాటేవాళ్లు. నాటకంలో వాడు నా ఒడిలో తలపెట్టి చనిపోతే జనం వన్స్ మోర్ అని అరిచేవాళ్లు. వాడు ఒక కన్ను కొంచెం తెరిచి అప్ప ఎక్కడుందా అని చూసేవాడు. చూసి మళ్లీ మూసుకునేవాడు. ఎంత అరిచినా లేచేవాడు కాదు.

సునామీ ఏడాది డిసెంబరులో వాడు ఎవరి పని మీదో కార్ నికోబార్ వెళ్లాడు. క్రిస్మస్ మర్నాడు ఆదివారం పొద్దున్న భూమి కదిలింది, తరవాత సముద్రం వచ్చింది. ఇక్కడ బోట్లు రోడ్డెక్కాయి, ఒకదాని మీద ఒకటి పడి చితికిపోయాయి. హాడో వార్ఫ్ బీటలు వారింది. కార్ నికోబార్ సంగతి మీకు తెలుసు. అక్కడి నుంచి ఎందరో రాలేదు, వాడూ రాలేదు. శవం కూడా దొరకలేదు.

దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించమన్నారు పెద్దవాళ్లు. అప్ప వినలేదు.

"గడ్డిబొమ్మకి ఏటి కర్మ? వాడు గడ్డేటి? వాడి నాటకం ఒక్కపాలి ఆడదాం. ఆ ఏషం ఇంకోడు ఎయ్యాల, ఆడు సావాల, జనం అందరూ కూకుని సూడాల. వాడికి అదే కర్మ."

కానీ ఎలా ఆడతాం? బోట్లు లేవు. తట్టలో చేప లేదు. అందరిలాగే అప్ప కూడా క్యాంపులో పప్పూ బియ్యం కోసం వరసలో నిలబడి, వడ్డించేవాడితో తగువు పెట్టుకుంటోంది. ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు. తిట్టగా మాత్రం అందరూ విన్నారు.

మరుసటి ఏడాది ఢిల్లీ నుంచి పెద్ద నాటక సంస్థ వాళ్లు దిగారు. సర్కారీ సంస్థ, దేశమంతా పేరున్నది. హాడోలో స్కూలు గదిలో మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టారు. వాళ్ల డైరెక్టరు ఖాదీ జుబ్బా, మెత్తటి మాట. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు, ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. సునామీ పేరు మీద కళలకు నిధులు వచ్చాయట. బాధితుల కథలతో నాటకం చేస్తారట. అప్ప కథ ఎవరో చెబితే విని వచ్చారట.

"దీదీ, మీ కథ దేశమంతా వింటుంది" అన్నాడు హిందీలో.

ప్రెసిడెంటు గారు వెంటనే మా రాజుల నాటకం మాటెత్తాడు. దానికి కూడా కొంత ఇప్పించండి అన్నాడు. డైరెక్టరు నిజంగా బాధపడుతూనే తల అడ్డంగా ఊపాడు. "ఈ పద్దు కింద కుదరదు భయ్యా. సునామీ మీద అయి ఉండాలి, లేదా ఈ దీవుల సంస్కృతి అయి ఉండాలి. మీ నాటకం ఇక్కడిది కాదు కదా."

మరెక్కడిదయ్యా? మా తాత ఈ హాడోలోనే మూటలు మోశాడు. మా నాన్న ఇక్కడే పుట్టి ఇక్కడే పోయాడు. ఒకసారి ఆంధ్రాలో సాంస్కృతిక శాఖ వాళ్లను అడిగాం, మీది మా రాష్ట్రం కాదు పొమ్మన్నారు. ఇక్కడ అడిగితే మీ నాటకం ఇక్కడిది కాదంటున్నారు. అయితే ఓడ మీద, నడిసముద్రంలో ఆడుకోవాలా? మా ఇళ్లల్లో చావు వస్తే అది దీవుల చావు, దానికి నిధులున్నాయి. మేము ఏడాదికి ఒక సాయంత్రం కూర్చుని చూసుకునే నాటకం మాత్రం పరాయి నాటకం. ఆ రోజు ఈ మాటలన్నీ హిందీలో అరిచాను. డైరెక్టరు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. అదీ నాటకంలోకి వచ్చిందేమో తెలియదు.

అప్ప మాత్రం అరవలేదు. చుట్ట బయటికి తీసింది.

"నా తమ్ముడు సచ్చేది ఎన్ని ఊళ్లల్లో ఆడతారు?"

నేను హిందీలో చెప్పాను. పెద్ద నగరాలన్నిటిలో అన్నాడాయన.

"టికెట్టుందా?"

కొన్నిచోట్ల ఉంటుందన్నాడు.

"డబ్బిచ్చినోల పేర్లు సదువుతారా?"

ఆయన నవ్వాడు. "చదవకపోతే డబ్బెవరిస్తారు దీదీ?"

"మద్దెలోనా?"

"కాదు కాదు. ముందే. తెర లేవకముందే."

 అప్ప బేరం చెప్పింది. తన కథ తీసుకోవచ్చు. నాటకం మధ్యలో పేర్లు చదవకూడదు. వాళ్ల నాటకం అయిపోయాక మా రాజుల నాటకానికి హార్మోనిస్టునూ ట్రంకుపెట్టెనూ వాళ్లే తెప్పించాలి. డైరెక్టరు ఆమె రెండు చేతులూ పట్టుకుని ఒప్పుకున్నాడు. ఎక్కడో ఒక చోట సర్దుతాను దీదీ, నా మాట అన్నాడు.

బయటికి వచ్చాక నేను తగువులాడాను. ఎందుకిలా చేశావు అప్పా, రేపు ఎవరో తెలియని మనిషి నీ తమ్ముడి కోసం టికెట్టు పెట్టి ఏడుస్తుంది, నీకు నచ్చుతుందా అన్నాను.

"తట్టలో ఎయ్యడానికి సేప నేదే రాణీ" అంది. "తమ్ముడున్నాడు. వాడినే ఏసినాను."



వాళ్లు కొన్ని వారాలు ఆమె చుట్టూ తిరిగారు. మాటలు టేపు చేశారు, నడక వీడియో తీశారు. అప్ప వేషం వేసే అమ్మాయి అడ్డపొగ నేర్చుకోబోయి నాలుక కాల్చుకుంది. మొదటి ప్రదర్శన పోర్ట్‌బ్లెయిర్‌లోనే వేశారు. అప్పను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు, పక్కన నన్ను. చాప మీద కూర్చునే మనిషికి ఆ కుర్చీలో కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

స్టేజీ మీద ఆ అమ్మాయి గుండెలు బాదుకుని ఏడుస్తోంది. హాల్లో ఆడవాళ్లందరూ కళ్లొత్తుకుంటున్నారు.

"ఎవుర్తే అది?" అంది అప్ప నా చెవిలో.

"నువ్వే అప్పా."

"నేను అలగ ఎప్పుడేడ్సినాను?"

సరిగ్గా ఆ ఏడుపు మధ్యలో తలుపులు తెరుచుకున్నాయి. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు ఒకాయన ఆలస్యంగా వచ్చాడు, వెనక పూలగుత్తులు. లైట్లు వెలిగాయి. మైకులో ఆయన పేరు, ఆయన శాఖ పేరు, నిధులిచ్చిన వాళ్ల పేర్లు అన్నీ ఒకటి తరవాత ఒకటి చదివారు. ఏడుస్తున్న అమ్మాయి ఏడుపు ఆపింది. చేతులు జోడించి నిలబడింది. ఆయన కూర్చున్నాక మళ్లీ నేల మీద కూలబడి, ఆపిన చోటి నుంచే ఏడవడం మొదలుపెట్టింది.

నేను అప్ప వైపు చూడలేకపోయాను. లేచి ఏదో అరుస్తుంది, చెప్పు విసురుతుంది అనుకున్నాను. విసిరితే బాగుండుననుకున్నాను. ఆమె బొడ్లోంచి వెలిగించని చుట్ట ఒకటి తీసి, నిప్పులేని కొసను చూసి, మళ్లీ బొడ్లో దోపుకుంది. ఆఖరి దాకా కదలకుండా కూర్చుంది. లేస్తే మా నాటకం పోతుందని కూర్చుంది. ఎవరికీ తలవంచని మనిషిని అలా కూర్చోబెట్టారే అన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అంతా చేసి, ఆ డబ్బు రానే లేదు. వాళ్ల నాటకం ఊళ్లన్నీ తిరిగింది, పేపర్లో ఫొటోలు పడ్డాయి. ప్రెసిడెంటు గారు ఢిల్లీకి ఫోన్లు చేసి చేసి విసిగిపోయాడు. చివరికి ఎవరో ఎత్తి, ప్రాజెక్టు క్లోజ్ అయిపోయింది సార్ అన్నారు. డైరెక్టరు గారు విదేశాల్లో ఉన్నారట. దేశానికంతటికీ నాటకం వేసే సంస్థకు ఒక హార్మోనిస్టు ఓడ టికెట్టు ఏ పద్దు కింద రాయాలో తోచలేదు! ఆ మాట అప్పకు చెప్పడానికి నేనే వెళ్లాను.

"క్లోజా?" అంది. "వాళ్లకి క్లోజు. నాకేటి క్లోజు?"

అంతే. మర్నాడు పొద్దున్న ఎర్రగుడ్డ తట్ట తీసుకుని జెట్టీ మీదికి వచ్చింది.

అప్పటికి సాయం బోట్లు దిగడం మొదలైంది. కొత్త ఫైబరు బోట్లు, ఒక్కొక్క దాని పక్కల మీద మనిషి ఎత్తు అక్షరాల్లో ఇచ్చినవాళ్ల పేరు. చెరపకూడదని షరతు కూడా ఉంది. మా వాళ్లు ఎవరి పేరో మోసుకుంటూ వేటకు వెళ్లి, ఎవరి పేరో మోసుకుంటూ తిరిగి వచ్చేవాళ్లు. తట్ట చూసి తలలు దించుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒక కుర్రాడు మాత్రం ఆగాడు. వాడు అప్ప తమ్ముడితో ఒకే బోటులో వేటకు వెళ్లినవాడు.

"అప్పా, బోటు మాది కాదు. మీద పేరు సూడు. వాళ్ల బోటులో సేప నాటకానికి ఎలగ ఇవ్వమంతావు?"

చుట్ట బయటికి వచ్చింది. "బోటు మీదుంది పేరు. సేప మీదుందేట్రా?"

కుర్రాడు నవ్వాడు. వంజరం ఒకటి తీసి తట్టలో వేశాడు. వెనక బోటువాడు చూశాడు, వాడూ వేశాడు. అయినా పాత రోజుల్లోలా రాలేదు. వేట సరిగ్గా లేదు, కడుపుకే చాలడం లేదు. ఒక సీజను పోయింది, మరో సీజను పోయింది. చేపలు అమ్మి అమ్మి హార్మోనిస్టును రప్పించడానికి సరిపోయింది గానీ ట్రంకుపెట్టెకు చాలలేదు. ప్రెసిడెంటు గారు నేనిస్తానన్నాడు, పేరు చదవక్కర్లేదన్నాడు. నువ్వు కూడా ఒక సేప కొని తట్టలో ఎయ్యి బాబూ, ఒక్కటే ఎయ్యి అంది అప్ప. ఆయన కొని వేశాడు. మేము అట్టముక్కలకు బిస్కెట్ల రేపర్లు అంటించి కిరీటాలు చేసుకున్నాం. నేను మా ఆవిడ పెళ్లి చీర కట్టాను. రాజు వేషం ఆ కుర్రాడే వేశాడు.

హాడో మైదానం నిండిపోయింది. క్యాంపుల నుంచి కూడా వచ్చారు. తెలుగు రానివాళ్లు సైతం వచ్చి చాపల అంచున కూర్చున్నారు. అప్ప ఎప్పటిలాగే వెనక జనరేటరు దగ్గర నిలబడింది. కుర్రాడికి పాతవాడి గొంతు లేదు, రెండు పద్యాలు మరిచిపోయాడు కూడా. కానీ ఆఖరి ఘట్టంలో నా ఒడిలో తల పెట్టి కళ్లు మూసుకున్నప్పుడు మైదానంలో పిల్లలు కూడా గోల చేయలేదు. ఎవరూ వన్స్ మోర్ అనలేదు.

అప్పుడు ప్రెసిడెంటు గారు స్టేజీ ఎక్కాడు. మైకు తీసుకున్నాడు. ఆయన కళ్ల నిండా నీళ్లు.

"మన రాజు... మన అప్ప తమ్ముడు, కీర్తిశేషులు..."

"ఒగ్గేయ్ బాబూ!" అని కేక వినబడింది. అప్ప చాపల మధ్య నుంచి జనాన్ని తప్పించుకుంటూ వస్తోంది. స్టేజీ కింద నిలబడి ఆయన కాళ్ల వైపు చెయ్యి చాచింది, మైకు ఇచ్చెయ్యమని.

"అప్పా, ఈ ఒక్కరోజు" అన్నాడు ఆయన. "నా పేరు కాదు కదా. వాడి పేరు. ఒక్కసారి అననీ. వాడి కోసమే కదా ఇంత కష్టపడ్డావు."

"అంటావు. ఆ సాప మీద కూకుంది సూడు, దాని మొగుడి పేరు ఎవుడంటాడు? ఈడి అమ్మ పేరు? ఆ వెనకున్న నికోబారీ ఓల పిల్లల పేర్లు నీకొచ్చా? ఎంతమందివి సదువుతావు? ఎవుర్ని ఒగ్గేత్తావు?"

ప్రెసిడెంటు గారు మైకు ఇచ్చేశాడు. అప్పకు అది ఎలా పట్టుకోవాలో తెలియలేదు, తిరగేసి పట్టుకుంది. మైదానమంతా ఆమెనే చూస్తోంది.  

"జనరేటరు కట్టేయండ్రా" అంది. "కాసేపు లైట్లు ఒద్దు."

జనరేటరు ఆగింది. చీకటి కమ్మేసింది. స్టేజీ ఎక్కడుందో, జనం ఎక్కడున్నారో తెలియడం లేదు. నా ఒడిలో చచ్చిపడి ఉన్న కుర్రాడు ఎక్కిళ్లు పెడుతున్నాడు. వాడి తల గట్టిగా పట్టుకున్నాను. చాపల మీద ఎక్కడో ఒక ఏడుపు లేచింది. దాని పక్కన ఇంకొకటి. తరవాత చాలా. అప్ప ఎక్కడ నిలబడిందో నాకు కనబడలేదు. ఆ ఏడుపుల్లో ఆమెది ఏదో ఎంత చెవి పెట్టి విన్నా తెలియలేదు.